రోమన్ల ఉంగరం, అక్క పుస్తెలు

విమలకుమారి గారికి చరిత్ర పిచ్చి పట్టించింది అమెరికాలో మా ఊరు ప్లేనోలోని పబ్లిక్ లైబ్రరీ. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా తిన్నగా లైబ్రరీకి పోయేవారు. ఈజిప్టులో ఒక రాజు పాత దేవుళ్లందరినీ ఎలా తీసేశాడో, అతను పోగానే జనం మళ్లీ ఎలా తెచ్చుకున్నారో, రోము క్రైస్తవంలోకి మారుతూ పాత ఆచారాల్లో వేటిని మూటగట్టుకుని వెంట తెచ్చుకుందో అన్నీ చదివేశారు. చదివి ఊరుకునే మనిషైతే నేనీ కథ చెప్పాల్సిన పనే లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక కోడికూర వడ్డిస్తూ ఆవిడ చెప్పే ఫరోల కబుర్లకి మా తెలుగు సంఘం పిల్లలు ఖాళీ ప్లేట్లతో అలాగే నిలబడిపోయేవారు.

1984లో రేణుకి పెళ్లి కుదిరింది. రేణు ఆవిడ అక్క కూతురు. తల్లి పోతే పసిపిల్లను తెచ్చుకుని ఆవిడే పెంచారు. పెళ్లిలో అమ్మ పుస్తెలే కట్టించుకుంటానంది రేణు. ఎప్పుడూ ఏమీ అడగని పిల్ల అడిగిన ఒకే ఒక్క కోరిక అది.

మా పాస్టర్ దేవకుమార్ గారు సెమినరీలో పాస్టరు చదువు ముగించుకుని కొత్తగా వచ్చారు. నిజాయితీపరుడు. ఆ నిజాయితీతోనే మా ప్రాణాలు తోడేశారు.

"పుస్తెలు అన్యుల ఆచారం సిస్టర్. చర్చ్‌లో రింగ్స్ చాలు" అన్నారు. వాటి మీద సిలువ ఉందని చెప్పినా వినలేదు.

విమలకుమారి గారు నవ్వారు. పాటల పుస్తకాలు సర్దుతున్నదాన్ని, ఆ నవ్వు చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఉంగరం ఎవరిదనుకున్నారు పాస్టర్ గారూ? రోమన్లది. ప్రభువు పేరు వినకముందే వాళ్లు పెళ్లి కుదిరితే ఇనప ఉంగరం తొడిగేవాళ్లు. వాళ్ల ఉంగరం లోపలికి రావచ్చు, మా అక్క పుస్తెలు మాత్రం గుమ్మం బయట నిలబడాలా?"

దెబ్బకి దారికొస్తారనుకున్నాం. మరుసటి ఆదివారం ఆయన వచ్చి, "మీరు కరెక్ట్ సిస్టర్, నేనూ చెక్ చేశాను. రింగ్స్ కూడా వద్దు" అన్నారు.

అక్కడైనా ఆపాలా వద్దా? ఆవిడకి ఒళ్లు మండింది. పెళ్లికూతురి మేలిముసుగూ రోమన్లదే అన్నారు. అది పోయింది. పెళ్లి కేకూ వాళ్లదే, కుడిచేతులు కలపడమూ వాళ్లదే అన్నారు. అవీ పోయాయి. పెళ్లికొడుకు ఉదయ్ ఫోన్ చేసి, "ఆంటీ, కేక్ ఆల్రెడీ ఆర్డర్ చేసేశాను, దాన్నైనా వదిలేయండి" అని బతిమాలాడు. జూన్ నెల కూడా రోమన్ల పెళ్లిదేవత పేరేనని ఆవిడ తేల్చిన రోజు పాస్టర్ గారు పాలిపోయి, ముహూర్తం జులైకి మారుద్దామా అన్నారు. మేము పొట్టలు పట్టుకుని నవ్వాం.

రేణు నవ్వలేదు. "పిన్నీ, ప్లీజ్ స్టాప్. ఇంక గౌన్ ఒక్కటే ఉంది. దాని గురించి ఏం చదవలేదు కదా?" అంది. అంటూనే ఏడ్చేసింది. విమలకుమారి గారు చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టేశారు.

పెళ్లికి ముందు ఆదివారం పాస్టర్ గారు అన్యదేవతలను పారవేయమని గట్టిగా ప్రసంగం చేశారు. తర్వాత కానుకల పళ్లెం తిరుగుతోంది. ముందు వరసలో ఉన్న పాస్టరమ్మ మణి గారు వేలి ఉంగరం లాగడం మొదలుపెట్టారు. అది రాదు. ఆవిడ వదలరు. ఆఖరికి ఊడి వచ్చి పళ్లెంలో టంగుమంది.

"ఏంటిది మణీ?" అన్నారు పాస్టర్ గారు, మైకు ముందే.

"రోమన్లది కదండీ. మనింట్లో మాత్రం ఎందుకు?" అన్నారావిడ. కోపం లేదు, వెటకారం లేదు.

చర్చంతా గొల్లుమంది. పాస్టర్ గారి మొహం ఎర్రబడింది. దిగి వచ్చి, పళ్లెంలోంచి ఉంగరం తీశారు. "నీకిది తొడిగినప్పుడు నాకు రోమన్లు గుర్తురాలేదు మణీ" అన్నారు. ఉంగరం తిరిగి తొడిగి, మా వైపు తిరిగారు.

"రేణూ, మీ అమ్మగారి పుస్తెలు తీసుకురామ్మా."

పెళ్లి జూన్‌లోనే జరిగింది. ఉంగరాలు, ముసుగు, కేకు అన్నీ తిరిగొచ్చాయి. ఉదయ్ పుస్తెలు పట్టుకుని తడబడుతుంటే పాస్టర్ గారు పక్కన నిలబడి, ఒక్కో ముడికి ఒక్కో మాట అన్నారు. తండ్రి. కుమారుడు. పరిశుద్ధాత్మ. ఇంకెక్కడైనా అలా అంటారేమో నాకు తెలీదు, మేం వినడం అదే మొదలు. రోముని, ఈజిప్టునీ పుస్తకాల్లో వెతికిన విమలకుమారి గారు, కళ్లెదుటే ఒక ఆచారం ఇల్లు మారుతుంటే గమనించనే లేదు. ఆవిడ చూపంతా ఆ ముడి మీదే ఉంది.

"గట్టిగా వెయ్యి బాబూ" అన్నారు, చర్చంతా వినేలా. "అది మా అక్కది."