మినహాయింపు వద్దన్న శ్రావణి

2023లో నేను కెనడాలోని సస్కటూన్‌లో ఒక కాలేజీలో యాక్సెసిబిలిటీ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. చదువులో ఇబ్బంది పడే విద్యార్థులకు తగిన వెసులుబాట్లు ఇప్పించడం నా పని. ఆ ఏడాది ఏ కారిడార్‌లో నడిచినా తెలుగు వినిపించేది. అయినా నా గదికి వచ్చే తెలుగువాళ్లు తక్కువ. ఇబ్బంది ఉందని చెబితే స్టడీ పర్మిట్‌కు ముప్పు వస్తుందని వాళ్ల భయం.

నర్సింగ్ చదువుతున్న శ్రావణి మాత్రం వచ్చింది. నిజామాబాద్ అమ్మాయి. తలుపు దగ్గరే నిలబడి, "మ్...మేడమ్, నాకు నత్తి," అంది.

"నాక్కూడా. కూర్చో అమ్మా," అన్నాను. నమ్మలేదు. నా ఉద్యోగం పేరు చెప్పబోయి నేను మధ్యలో ఇరుక్కుపోయాక నమ్మింది.

ఆమె ఫెయిలైంది హ్యాండోవర్ పరీక్షలో. షిఫ్ట్ మారేటప్పుడు రోగి పరిస్థితిని తరువాతి నర్సుకు నోటితో అప్పజెప్పాలి. అన్నీ తెలుసు, కానీ రోగి పేరు దగ్గర బ్లాక్ వచ్చింది. అంటే మాట నోట్లోనే బిగుసుకుపోవడం. వేరే మాటైతే మార్చి చెప్పుకుంటాం. పేరును మార్చలేం కదా! అంతలో టైమైపోయింది. మళ్లీ ఫెయిలైతే కోర్సు నుంచి తీసేస్తారు.

ఇద్దరం ఇన్‌స్ట్రక్టర్‌ను కలిశాం. ఆవిడ మంచి మనిషే. "నోటి పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తాను, రాసి ఇవ్వమనండి," అంది. నేను శ్రావణి వైపు తిరిగాను.

"వద్దు మేడమ్. రాసిస్తే ఇప్పుడు పాసైత. రేపు వార్డుల ఎవలకు రాసియ్యాలె? నాకు ట...టైం ఇస్తె చాలు."

ఆ మాటే ఇంగ్లిష్‌లో చెప్పబోయి నేనూ 'ట' దగ్గర ఆగిపోయాను. "ట్రాన్స్‌ఫర్?" అని ఇన్‌స్ట్రక్టర్ అందించింది. తల అడ్డంగా ఊపాను. "ట్యూటర్?"

"టైమ్," అన్నాను చివరికి. శ్రావణికి నవ్వాగలేదు. ఇన్‌స్ట్రక్టర్ ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

"మరి ఎమర్జెన్సీ వస్తే?" అందావిడ. అడగాల్సిన ప్రశ్నే.

శ్రావణి ఇంగ్లిష్‌లో, ఆగి ఆగి, తనే జవాబు చెప్పింది. "ముందు బెల్ నొక్కుతాను. నా మాట ఆగుతుంది గానీ చేతులు ఆగవు."

రెండోసారి పరీక్షకు టైమ్ లిమిట్ తీసేశారు. "నాకు నత్తి ఉంది, పూర్తి చేయనివ్వండి," అని శ్రావణి మొదలుపెట్టింది. పేరు దగ్గర మళ్లీ ఇరుక్కుంది. ఈసారి ఎవరూ మాట అందించలేదు. పేరు వచ్చింది. దాని వెనకే అలర్జీ, పొద్దున ఇవ్వని మందు, అన్నీ వచ్చాయి. పాసైంది.

బయటికి వస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ ఆమెను ఆపింది. "నువ్వు ఆగిపోయినప్పుడు నేను ఎటు చూడాలి?"

"నావైపే చూడండి," అంది శ్రావణి.

అలా చెప్పవచ్చని ఇన్నేళ్లూ నత్తితో బతికిన నాకూ తట్టలేదు. ఆ తరువాత నా గదికి వచ్చినవాళ్లను ఇబ్బంది ఏమిటని అడిగి ఊరుకోలేదు. ఎదుటివాళ్లు ఏం చేస్తే నీకు బాగుంటుందని కూడా అడిగేదాన్ని. ఆ ప్రశ్న చాలామందిని అంతకుముందు ఎవరూ అడగలేదు.