మైలలో ఫిల్టరు ప్లాంటు

ఉరవకొండ దగ్గరి ఆ ఊళ్లో బోరునీళ్లు తాగితే పళ్లు గారపట్టి, మోకాళ్లు బిగుసుకుపోతాయి. అందుకే ఊరంతా ఫిల్టరు ప్లాంటు నీళ్లే తాగుతుంది. దాన్ని నడిపేది భద్రమ్మ. మొగుడు కుళ్లాయప్ప గుండె ఆగి పోయినప్పటి నుంచి ప్లాంటు మూసే ఉంది. దినాలయ్యేదాకా మైలపడిన చేతి నీళ్లు ఎవరూ పట్టుకోరు. ఉరవకొండ నుంచి క్యాన్లు తెచ్చుకుంటున్నారు.

భద్రమ్మకు ఏడుపు రాలేదు. శవాన్ని ఎత్తినప్పుడూ రాలేదు. ఎవరైనా ముద్ద పెడితే తినింది, పడుకోమంటే పడుకుంది. మూలన కూర్చున్న ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఈ ఎండలకు ఇసుక ఫిల్టరులో నిలిచిన నీళ్లకు జిగటపాచి పట్టి ఉంటుంది. అది నీళ్లలో ఉప్పును వడగట్టే పల్చటి పొర, మెంబ్రేనుకు అంటుకుంటే దాని సన్నని రంధ్రాలన్నీ పూడిపోతాయి. కొత్తది ఎవరూ వేయించరు. ఊరు మళ్లీ బోరునీళ్లకే పోతుంది.

లేచి తాళంచెవి తీసుకుంది.

"యాడికి పోతాండావు?" ఆడబిడ్డ తిరుపాలమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"ప్లాంటుకు."

"మొగుని మింద మట్టి ఇంకా ఆరలేదు, నీకు మోటరు కావల్సొచ్చిందా? నలుగురూ మొగాన ఉమ్మరా?"

"నీళ్లు ఎవురికీ పొయ్యను వదినా. ఫిల్టరు కడిగి వస్తా."

"మా పిల్లోడు తిప్పేషును పంపిస్తాలే. ఇంత బ్లీచింగు చల్లి వస్తాడు."

"పాచి చస్తాది. దాంతోపాటు మెంబ్రేనూ చస్తాది."

తిరుపాలమ్మ మొగం తిప్పుకుంది గానీ గడప వదిలింది. "కొంగు నెత్తిన ఏసుకో" అంది.

ప్లాంటులో మురుగు వాసన. భద్రమ్మ మెంబ్రేను వైపు వాల్వు మూసి, నీళ్లను ఇసుకలో కిందినుంచి పైకి ఎక్కించింది. మోరీలోకి నల్లగా, తీగలుగా జిగురు వచ్చింది. కాసిని నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూసింది. ఇంకా జారుతోంది. మరికాసేపు వదిలింది. జారడం పోయాకే మెంబ్రేనుకు దారి ఇచ్చింది. ప్రెషరు మీటరు ముల్లు ఎప్పుడూ నిలిచే చోటే నిలిచింది. సంతోషం కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

మంచినీళ్లు మోరీలో పారుతుంటే, గొర్రెలు తోలుకుపోతున్న చెన్నప్ప ఆగాడు.

"ఏమక్కా, తియ్యటి నీళ్లు మోరీపాలు చేస్తాండావే."

"నిలబెడితే మళ్లా పాచి పడతాది. దినాలయ్యేదాకా దినామూ ఇట్ల వదలాల్సిందే. తాగేవాళ్లు లేరు."

"నా గొర్రెలకు మైలా గియిలా తెలీదులే. తాగనీ."

గొర్రెలు తోసుకుంటూ మూతులు ముంచాయి. అవి తాగి తలలెత్తేదాకా భద్రమ్మ మోటరు ఆపలేదు.

"రేపు కూడా ఇదే యాళకు తోలుకురా" అని చెప్పి, తాళం వేసి, మళ్లీ మూలన కూర్చోవడానికి ఇంటిదారి పట్టింది.