వాదీ ఒడ్డున నీలిపువ్వు

మా మేస్త్రీ పోయాడని కడప నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఆ కబురు విన్నప్పటినుంచీ నా చెవుల్లో వాగు హోరే.

ఎనభైల మొదట్లో దుబాయ్ అవతల రాసల్‌ఖైమా కొండల్లో రోడ్డు పని చేశాం. మేమంతా కరీంనగర్ వైపు వాళ్లం, ఆయన ఒక్కడే కడప. నమాజు అయ్యాక కొండ పక్కకు వెళ్లి, కొత్త మొక్క కనబడితే గొంతుక్కూర్చుని చూసేవాడు. మేకలు కాసే ఒక అరబ్బు ముసలమ్మను వాటి గురించి అడిగేవాడు. "సూసినంత మాత్రాన గుర్తుపట్టినట్టు గాదురా" అనేవాడు.

ఒక చలికాలం వానలకు వాదీ, అంటే అక్కడి కొండవాగు, పొంగింది. సరుకుల బండి రాలేదు. బండల నీడన ఉల్లికాడల్లాంటి మొక్కలు లేచాయి. ఆకలికి తాళలేక మా రాజన్న ఒక గడ్డ తవ్వి తిన్నాడు. కాసేపటికే వాంతులు.

మేస్త్రీ ముఖం పాలిపోయింది. "ఇవి రెండు రకాలంట్రా. నీలంగా పూసేది మనుషులు తింటారు. రెండోది మేకలు గూడా ముట్టవని ముసలమ్మ సెప్పింది."

"ఏది తిన్నడో ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"మొగ్గ ఇచ్చుకుని పువ్వు కావాల. నీలంగా పూస్తే దాని గడ్డను వాడు తిన్నదాంతో పోల్చి సూడొచ్చు. మద్యాన్నం దాటితే గానీ ఇచ్చుకోదంట."

తిన్నది మంచిదైతే వాగు తగ్గేదాకా ఆగవచ్చు. కాకపోతే అవతలి ఆసుపత్రికి ఆ వరదలోనే దాటాలి. ఆ మొక్కల్లో మొగ్గ తొడిగిన వాటి చుట్టూ కూర్చున్నాం. కొండల మీద మబ్బు నల్లబడుతోంది. గుడారంలో రాజన్న మూలుగు క్రమంగా సన్నగిల్లింది.

చివరికి ఒక మొగ్గ విచ్చుకుంది. మూడు నీలి రేకలు కిందికి వాలి, మూడు నిటారుగా నిలిచాయి. అది అడవి ఐరిస్ అని చాలా ఏళ్లకు ఒక బొమ్మ చూసి తెలుసుకున్నాను. మేస్త్రీ దాన్ని తవ్వితే గడ్డ చుట్టూ వలలాంటి పీచు కనిపించింది. రాజన్న ఒలిచి పారేసిన పొట్టు తెచ్చి పక్కన పెట్టాడు. అది నున్నగా ఉంది.

"వాడు తిన్నది ఇది కాదురా. యల్లా, లేయండి."

నడుముకు తాడు కట్టుకుని ఆయనే ముందు దిగాడు. రాజన్నను పనికి వాడే చెక్క పలక మీద పడుకోబెట్టి మోశాం. నీళ్లు నా ఛాతీ దాకా వచ్చాయి. "కిందికి సూడొద్దు, నా వీపు సూడు" అని అరుస్తూనే ఉన్నాడు. మేం గట్టెక్కిన కాసేపటికే ఎర్రటి నీళ్లు విరుచుకుపడ్డాయి. మేం దిగిన చోటు కనబడకుండా పోయింది.

రాజన్న బతికాడు. డాక్టరు ఆ మాట చెప్పేదాకా మేస్త్రీ ఆసుపత్రి గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఎవరో చాయ్ తెచ్చిచ్చారు. తాడు ఒరుసుకుని పుండైన అరచేతులతో ఆయన గ్లాసు పట్టుకోలేకపోయాడు. నేనే పట్టుకుని ఆయన పెదవులకు ఆనించాను.