నా గుండె బొమ్మ వాళ్ళకు చూపించారు

పరీక్ష చేస్తున్నంతసేపూ నేను మెలకువగానే ఉన్నాను. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం దూర్చి, మందు వదిలి, నా గుండె మీది రక్తనాళాలను తెర మీద చూశారు. నల్లటి కొమ్మలు విచ్చుకోవడం, మాయమవడం పడుకునే నేనూ చూశాను. "ఏం కనపడతాంది సారూ?" అని అడిగితే, "మీ వాళ్ళకు చెప్తాం అమ్మా" అన్నాడు డాక్టరు.

మా వాళ్ళంటే నా కొడుకూ, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన మా మరిదీ. వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచి తలుపేసుకున్నారు. నా గుండె లోపల, నేను బయట మంచం మీద. తిరిగొచ్చాక కొడుకు నా దుప్పటి సర్దుతూ, "ఏం లేదే అమ్మా, జర గ్యాసు. చిన్న ఆపరేషన్ చేస్తరట" అన్నాడు. గ్యాసుకు ఆపరేషన్ ఏమిటి? నేను కొత్తవాడలో జంపఖానాలు నేసేదాన్నే కావచ్చు, పదో తరగతి చదివినదాన్ని. కళ్ళు మూసుకుని పడుకున్నాను, మాట్లాడితే ఏమంటానో అని.

నిద్రపోయాననుకుని మరిది మంచం పక్కనే ఫోన్ ఎత్తాడు. "వదినెకు చెప్పకుండ్రి, ఫికర్ చేస్తది. గుండెకు పోయే నరాలు మూడూ బందైనయట. కాలు నరం తీసి కుట్టాలెనట."

కాలు అన్న మాట వినగానే లేచి కూర్చున్నాను. నాది గుంట మగ్గం. గుంటలోకి రెండు కాళ్ళూ దించి, కింది చెక్కలు మార్చి మార్చి తొక్కితేనే పని సాగుతుంది. ఏ కాలు? ఎంత మేర కోస్తారు? మళ్ళీ తొక్కగలనా? ఆ గదిలో ఉన్న ముగ్గురు మగవాళ్ళలో ఒక్కడికైనా ఇది అడగాలని తోచిందా? పైగా నేను భయపడతానట. నా మొగుడు పోయినప్పుడు కర్మలు కాగానే మగ్గంలోకి దిగినదాన్ని, నాకు భయమట. ఒళ్ళు మండిపోయింది.

చెప్పులు వెతుక్కుని డాక్టరు గదికి నడిచాను. కొడుకు వెనకాలే వచ్చాడు.

"గుండె నాది సారూ. నాకు చెప్పుండ్రి."

డాక్టరు ముందు నా కొడుకు మొహం చూశాడు. దానికీ కోపమే వచ్చింది నాకు. అయినా కాగితం తీసి బొమ్మ గీశాడు. బళ్ళో నేను గీసింది గుండె లోపలి బొమ్మ: నాలుగు గదులు, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. ఈయన గీసింది పైది. గదుల నిండా రక్తమున్నా గుండె కండకు అది నేరుగా అందదట. పెద్ద ధమని మొదట్లోనే రెండు సన్నటి నాళాలు చీలి, మూడు పెద్ద కొమ్మలై గుండె మీద పాకి, దానికి రక్తం పోస్తాయట. నావి మూడూ పూడుకుపోయాయి. కాలి సిర తెచ్చి ఒక కొస పెద్ద ధమనికీ, ఇంకో కొస పూడిక దాటిన చోటా కుడతారు. పోగు తెగినచోట ఇంకో పోగు తెచ్చి అతికినట్టే. చాయ్ తాగేంతసేపు కూడా పట్టలేదు ఈ మాత్రం చెప్పడానికి. దీన్నేనా నా దగ్గర దాచింది?

"ఏ కాలు సారూ?"

"ఏది బాగుంటే అది. స్కాన్ చేసి చూస్తాం."

చీర మోకాలి దాకా ఎత్తాను. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి, ముడులు పడి ఉన్నాయి. ఎన్నేళ్ళ నుంచో అంతే. కొడుకు మొహం గోడకు తిప్పుకున్నాడు.

"ఇటు చూడు" అన్నాను. "నా గుండెనే చూసినవ్, కాలు చూస్తే ఏమైతది?"

చూశాడు. చూసి తల దించుకున్నాడు. డాక్టరు వంగి వేలితో నొక్కి, "ఇది పనికిరాదు, కుడికాలు చూద్దాం" అన్నాడు.

"అది కోస్తే మల్ల మగ్గం ఎప్పుడు తొక్కాలె?"

డాక్టరు నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు. "ఇంక మగ్గం బంద్ చెయ్యరాదే అమ్మా."

"నిన్ను అడగలే."

అప్పుడు డాక్టరు కుర్చీ నా వైపు తిప్పుకుని, జవాబు నాకు చెప్పాడు.