లీటరుకి పన్నెండున్నర

ముత్యాలు కుడిచేతి రెండు వేళ్లు విరిగింది మిట్టమధ్యాహ్నం, గోపాలపూర్ రోడ్డులో రొయ్యపిల్లల షెడ్డు వెనక. విరగ్గొట్టినవాడు అతని యజమాని గౌరీశంకర్. చక్రాలు విప్పే స్పానరుతో, చేయి కారు బానెట్ మీద పెట్టించి మరీ కొట్టాడు.

"ఏ చేత్తోరా పెట్రోలు లాగింది? దీంతోనేనా?"

"నాను తియ్యలేదు బాబూ. పిల్లల మీద ఒట్టు."

ఒట్టు అన్న మాట నోట్లో ఉండగానే రెండో దెబ్బ పడింది. మూడోది మోకాలి మీద. ముత్యాలు చక్రం పక్కన కూలబడ్డాడు. షెడ్డులో పనిచేసేవాళ్లు నలుగురు తొట్టెల దగ్గర నిలబడి చూశారు గాని ఎవరూ కదల్లేదు. గౌరీశంకర్ స్పానరు పారేసి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, "రేపు పొద్దున్నే బండి తుడిచి ఉంచు" అన్నాడు. పనిలోంచి తీసెయ్యలేదు. దొంగ అనుకున్నవాణ్ణి ఎందుకు ఉంచుకున్నాడో ముత్యాలుకి అప్పుడు అర్థం కాలేదు. తిట్టడానికీ కొట్టడానికీ చేతికందేలా ఒక మనిషి ఉండడం కొందరికి అలవాటైపోతుందని తర్వాత తెలిసొచ్చింది.

ముత్యాలుది గిరిసోల అవతల పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తండ్రి అసిరయ్య కూలికి దున్నేవాడు. తాగిన రోజున ఎద్దుల్ని అదిలించే కర్రతోనే కొడుకునీ కొట్టేవాడు. పదిహేడో ఏట ఆ కర్రని తండ్రి చేతిలోంచి లాక్కుని విరిచేసి, ముత్యాలు ఇల్లు వదిలి లారీ ఎక్కాడు. పన్నెండేళ్లు లారీ తోలాడు. భంజనగర్ దాటాక ఘాట్ రోడ్డులో ఒకసారి ఏదో గొడవలో జనం రాళ్లు విసిరితే ముందద్దం పగిలి ముఖం నిండా దిగింది. ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలైంది. ఇక లారీ వద్దని భార్య సీతాలు ఏడ్చి గోలపెడితే గౌరీశంకర్ దగ్గర రొయ్యపిల్లల వ్యానుకి డ్రైవరుగా చేరాడు.

ఆ వ్యానే అతనికి బండి తోలడమంటే ఏమిటో నేర్పింది. నీళ్లూ గాలీ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వేలకు వేల రొయ్యపిల్లలు ఉంటాయి. బ్రేకు గట్టిగా తొక్కితే నీళ్లన్నీ ఒక మూలకి కొట్టుకుని పిల్లలు చస్తాయి. అందుకని ముత్యాలు ముందు పోయే బండిని కాదు, దాని ముందు బండిని చూస్తూ తోలేవాడు. ఎక్కడ ఆగాలో ముందే తెలిస్తే కాలు పెడల్ మీంచి తీసేస్తాడు. బండి తన ఊపుతో తాను వెళ్లి నెమ్మదిస్తుంది. అతను మోసిన సంచుల్లో చచ్చిన పిల్లలు తక్కువ. అది చూసే గౌరీశంకర్ రెండేళ్ల కిందట అతన్ని తన సొంత కారు మీద పెట్టాడు.

ఆ కారు పదిహేనేళ్ల పాతది, జర్మనీది, నల్లటిది. విశాఖపట్నంలో ఎవరి దగ్గరో కొన్నాడు. హైవే మీద లీటరుకి పదకొండు ఇస్తుందని అమ్మినాయన చెప్పాడట. ఇచ్చింది ఏడు. ఒక్కో నెల ఆరున్నర. పెట్రోలు పోయించిన ప్రతిసారీ గౌరీశంకర్ ఫోనులో కిలోమీటర్లు రాసుకునేవాడు. రాసుకున్నకొద్దీ అతని ముఖం నల్లబడేది.

ఆ మైలేజీ ఎందుకు పడిపోతోందో ముత్యాలుకి సగం తెలుసు. వెనక సీట్లో కూర్చున్న గౌరీశంకర్ నోట్లో ఒకటే మాట: తొక్కు. నూట ముప్పై తొక్కించి, లారీ వెనక గుద్దేంత దగ్గరికి పోయి బ్రేకు వేయించి, మళ్లీ తొక్కించేవాడు. ఛత్రపూర్ దగ్గర ఒకరోజు అడ్డొచ్చిన కుక్క కోసం ముత్యాలు కాలు తీయబోతే వెనకనించి నెత్తి మీద కొట్టాడు. కుక్క ఎముకలు విరిగిన చప్పుడు పెడల్లోంచి ముత్యాలు అరికాలికి తెలిసింది. "ఆపకు. పోనీ" అన్నాడు గౌరీశంకర్. బంపర్ మీది రక్తం ఆ సాయంత్రం ముత్యాలే కడిగాడు.

వేళ్లు విరిగిన రోజు అతను సర్కారు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని హల్దియాపదర్‌లోని అద్దె ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. సీతాలు కట్టు చూసింది, జరిగింది విన్నది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఒక్క మాట సెప్పు. నిజంగా తీసినావా, లేదా?"

ముత్యాలు ఎడమ చేత్తో ఆమె చెంప పగలగొట్టాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో అది మొదటిసారి. సీతాలు గోడకి తగిలి నిలదొక్కుకుంది. పెదవి చిట్లింది. కొంగుతో రక్తం తుడుచుకుని, "ఆడు నిన్ను కొట్టినాడు, నువ్వు నన్ను కొట్టినావు. మరి నాను ఎవర్ని కొట్టాల?" అంది. ఆమె గొంతు పెరగలేదు. ముత్యాలు తన ఎడమ అరచేతిని చూసుకుంటూ గుమ్మంలో కూర్చుండిపోయాడు. తండ్రి అరచేయి కూడా అలాగే వెడల్పుగా ఉండేదని గుర్తొచ్చింది.

పని మానెయ్యమంది సీతాలు. ఇప్పుడు మానేస్తే దొంగ పారిపోయాడంటారని అతను మానలేదు.

మర్నాడు కట్టు చేత్తో కారు తుడుస్తుంటే గౌరీశంకర్ తల్లి నాగేశ్వరి చూసింది. ఆవిడ రిటైరైన హెడ్మాస్టరమ్మ. సగం బరంపురానికి తెలుగు, లెక్కలు చెప్పిన మనిషి. కంట్లో శుక్లాలు వచ్చి అడుగు తడుముకుంటూ వేస్తున్నా చూడాల్సింది చూస్తుంది.

"చేతికేమైంది ముత్యాలూ?"

అతను చెప్పాడు. ఆవిడ విని, "బండిలో లోపముందో మనిషిలో లోపముందో చూసుకోకుండా కొట్టాడా? ఈ పూటే తీసుకెళ్లి మెకానిక్ నాగరాజుకి చూపించు. నేను పంపానను" అంది.

నాగరాజు షెడ్డు బైపాస్ పక్కన. అతను కారుని జాకీ మీద లేపి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాడు. మూడు తిరిగాయి. వెనక ఎడమది తిరగలేదు.

"ఇదిగో అన్నా, దొంగ ఇక్కడున్నాడు. బ్రేకు తొక్కకపోయినా ఈ చక్రాన్ని పట్టుకునే ఉంటన్నాది. తుప్పట్టి ఒగ్గట్లేదు. సెయ్యెట్టి సూడు, ఎలగ కాలతందో."

ఇంజను గాలి వడపోసే ఫిల్టరు తీసి నేలకేసి కొడితే చారెడు ఎర్రమట్టి రాలింది. టైర్లలో ఉండాల్సిన దానికంటే పది పాయింట్లు గాలి తక్కువ. డిక్కీలో రెండు చచ్చిన బ్యాటరీలు, మూడు మేత బస్తాలు. నాగరాజు బ్రేకు విప్పి, తుప్పు గీకి, రబ్బర్లు మార్చి, పిస్టన్ కదిలేలా చేశాడు. కొత్త ఫిల్టరు వేశాడు. టైర్లు నింపాడు. బస్తాలు, బ్యాటరీలు దింపేశారు.

"ఇప్పుడు ఎనభై మీద నిలబెట్టి తోలు. పన్నెండు రాకపోతే నా షెడ్డు మూసేస్తాను."

ముత్యాలు యజమాని ముందు నిలబడి ఒకే ఒక్కటి అడిగాడు. "అమ్మగోరి కళ్లకి భువనేశ్వర్ ఎల్లాలి గదా బాబూ. మీరూ ఎక్కండి. టాంకు నిండా పోయిద్దాం. ఒచ్చినాక అదే పంపులో అదే గొట్టంతో మళ్లీ నింపుదాం. నాను దిగను, డిక్కీ ముట్టను. మీ కళ్ల ముందరే."

"రాకపోతే?"

"ఈ సెయ్యి కూడా ఇరగ్గొట్టండి."

గౌరీశంకర్ నవ్వాడు. "సరే" అన్నాడు.

టాంకు నిండా పోయించి బయల్దేరింది తెల్లారి ఆరింటికి. ముత్యాలు సూదిని ఎనభై మీద పెట్టి అక్కడే ఉంచాడు. విరిగిన వేళ్లు స్టీరింగుకి తగిలినప్పుడల్లా మోచేతి దాకా నొప్పి పాకేది. కాలు మాత్రం పెడల్ మీద కదలలేదు. ఎత్తు ఎక్కేచోట వేగం కొంచెం పడనిచ్చాడు, దిగేచోట తిరిగి తెచ్చుకున్నాడు. టోల్ గేటు కిలోమీటరు దూరంలో కనపడగానే కాలు తీసేశాడు. పక్కన చిలికా సరస్సు వచ్చింది, పోయింది. బస్సులు హారన్లు కొడుతూ దాటుకుపోయాయి. ఒకచోట ఓ బస్సు సరాసరి ముందుకి కోసుకొచ్చింది. గౌరీశంకర్ ముందు సీటు వీపు మీద గుద్ది, "తొక్కరా, వాణ్ణి దాటు" అని అరిచాడు. ముత్యాలు తొక్కలేదు.

"పడుకోనివ్వరా నన్ను" అంది నాగేశ్వరి పక్కనించి. "ఈ కారులో నాకు నిద్రపట్టడం ఇదే మొదలు."

వెళ్లి, ఆవిడకి కళ్ల పరీక్షలు చేయించి, మూడున్నరకి తిరిగొచ్చి అదే పంపులో ఆగారు. గొట్టం తనంతట తాను టక్కున ఆగేదాకా పోయించారు. మూడువందల నలభై కిలోమీటర్లకి ఇరవైయేడు లీటర్లు, పైన చిల్లర. గౌరీశంకర్ ఫోనులో రెండుసార్లు లెక్క వేశాడు. పన్నెండున్నర.

ముత్యాలు కిందికి దిగి నిలబడ్డాడు. క్షమాపణ వస్తుందని అతను అనుకోలేదు. మౌనంగా తలూపితే చాలనుకున్నాడు.

గౌరీశంకర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అంటే ఈ బండి పన్నెండు ఇస్తుందన్నమాట. మరి రెండేళ్లుగా ఏడు చూపించావు. మిగతా ఐదూ ఎవడి కడుపులోకి పోయిందిరా?"

"బ్రేకు పట్టేసింది బాబూ. నాగరాజుని అడగండి. మీరు తొక్కమంటే నాను..."

"నాగరాజుకి ఎంత వాటా ఇచ్చావు?" అంటూ గౌరీశంకర్ చెంప మీద కొట్టాడు. ముత్యాలు అడ్డంపెట్టిన కట్టు చేతిని పట్టుకుని, విరిగిన వేళ్లని వెనక్కి మెలిపెట్టాడు.

తర్వాతది ముత్యాలుకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎడమ చేత్తో యజమాని చొక్కా పట్టుకున్నాడు. అతని తలని కారు తలుపు అంచుకి కొట్టాడు. సైడు అద్దం విరిగి వేలాడింది. మళ్లీ కొట్టాడు. చెంప ఎముక లోపలికి పోవడం అరచేతికి తెలిసింది. కింద పడ్డాక పొట్టలో తన్నాడు. నల్లటి రంగు మీద రక్తం ఎర్రగా కనపడదని, తడిగా మాత్రమే మెరుస్తుందని గమనించాడు. ఆ గమనింపు ఎందుకో ఎంతకీ వదల్లేదు. పంపువాళ్లు ముగ్గురు మీదపడి లాగుతున్నా కాలు ఆగలేదు. చివరికి ఆపింది కారు లోపలినించి నాగేశ్వరి గొంతు.

"చాలు ముత్యాలూ. చచ్చిపోతాడు."

ఆవిడ అరవలేదు. క్లాసులో చెప్పినట్టు చెప్పింది. అతని కాలు గాల్లోనే ఆగిపోయింది.

పోలీసులు వచ్చేదాకా అతను చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. స్టేషనులో నాగేశ్వరి తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, చూసినంతవరకూ చెప్పింది. ముందు చేయి చేసుకున్నది తన కొడుకేనని, షెడ్డు దగ్గర వేళ్లు విరగ్గొట్టిందీ అతనేనని రాయించింది. "నా కొడుకు కనక అబద్ధం చెప్పమంటావా?" అని రాస్తున్న మనిషిని ఒడియాలో అడిగింది.

అయినా ముత్యాలు పంతొమ్మిది రోజులు జైల్లో ఉన్నాడు. అక్కడ అతనికి నిద్ర పట్టనిది భయంతో కాదు. గౌరీశంకర్ చెంప విరిగినప్పుడు తన చేతికి కలిగిన తృప్తి మళ్లీ మళ్లీ గుర్తొచ్చి. బెయిలు మీద వచ్చిన రోజున సీతాలు ముందు నిలబడి, "నాను నీ మీద సెయ్యేసినాను. ఆడికీ నాకూ తేడా లేకపోయింది" అన్నాడు. సీతాలు అన్నం పెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు. ఆర్నెల్లపాటు అతను చెయ్యి ఎత్తి తల దువ్వుకున్నా ఆమె భుజం ఒక్కసారి ముడుచుకునేది. అది చూసి అతను ఆమె ఎదట దువ్వుకోవడం మానేశాడు.

గౌరీశంకర్ ముఖంలో లోహపు పలక పెట్టి కుట్టారు. ఎడమ కన్ను కిందికి జారింది. కేసు రెండేళ్లు నడిచింది. ఈలోగా ముత్యాలు ఒక ఇంజనీరింగు కాలేజీ బస్సు తోలుతూ వాయిదాలకి తిరిగాడు. చివరికి తల్లి పోరు పడలేక గౌరీశంకర్ రాజీకి ఒప్పుకున్నాడు. వకీలు కాగితం తయారుచేసి సంతకం పెట్టమన్నాడు.

"పెట్రోలు సంగతి ఇందులో ఉన్నాదా?" అని అడిగాడు ముత్యాలు.

"దానికీ దీనికీ సంబంధం లేదు. కొట్లాట కేసిది. సంతకం పెడితే బయటపడతావు."

"అయితే పెట్టను ఆగ్యా" అన్నాడు, అయ్యా అనే మాటని ఒడియాలో. "మళ్లీ జైలుకే ఎల్తాను."

కోర్టు వరండాలో అరగంట తర్జనభర్జన జరిగింది. నాగేశ్వరి కొడుకు మోచేయి పట్టుకుని నిలబడింది. ఆపరేషనయ్యాక ఆవిడకి చూపు బాగా వచ్చింది. చివరికి కాగితం కింద ఒడియాలో ఒక వాక్యం చేర్చారు. ముత్యాలు పెట్రోలు తీయలేదని, అనుమానం తప్పని. గౌరీశంకర్ ఎవరి ముఖమూ చూడకుండా సంతకం గీకాడు.

ముత్యాలు ఆ వాక్యాన్ని వకీలు చేత మూడుసార్లు చదివించుకున్నాడు. రెండు వేళ్లు వంగవు కనక కలాన్ని పిడికిట్లో పట్టుకుని, తన పేరు ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పుకి టైమవుతోందని కాలేజీకి వెళ్లిపోయాడు.