అర్హత గడి

సైన్సు రచయితల సంఘం కార్యదర్శి నా చేతిలోకి పెన్ను దించాడు. నేను చేసిన తప్పల్లా సభ్యత్వం అడగడమే.

ఆయన కాలేజీ లెక్చరరు. చదివే కాగితంలో నచ్చని మాట కనబడితే పెన్నుతో కసుక్కున పొడిచేవాడు. ఆయన టేబుల్ మీది రెగ్జిన్ నిండా తూట్లే.

తొంభైల్లో నేను గాజువాకలో ఇనుము పోతపోసేవాణ్ణి. తడి ఆరని అచ్చులో పోసిన ఇనుము పేలి, నా జతగాడు నా పక్కనే కాలిపోయాడు. అలా ఎందుకు పేలుతుందో పాత పుస్తకాలు కొని చదువుకుని, పత్రికల్లో రాశాను. ఆ వ్యాసాలు జతచేసి, ఫారంలో అర్హత అన్న గడిలో ‘కొలిమి ముందు పద్దెనిమిదేళ్ళు’ అని నింపాను.

“ఇదేటి బాబూ?” అన్నాడు కార్యదర్శి. “పేలుడు సూసినోడల్లా సైంటిస్టయితే, అదిరిపడ్డ కుక్కకీ కార్డివ్వాల.”

“కుక్క రాయలేదు కదండీ. నాను రాసినాను.”

ఆయన పెన్నెత్తాడు. ఆ గడి మీద చెయ్యి అడ్డం పెట్టాను. అయినా పోటు ఆగలేదు.

నెత్తురంటిన ఆ ఫారాన్నే ఏటా పోస్టు చేశాను. మాటా పలుకూ లేకుండా తిరిగొచ్చేది. ఏడో ఏడు మాత్రం జవాబు జతపడి వచ్చింది. ఆయన చేతిరాతే. ప్రతి వాక్యం చివరా చుక్క పెట్టినచోట కాగితానికి చిల్లు పడింది.

“అర్హత గడిలో మరక ఉన్నది. శుభ్రమైన ఫారం పంపగలరు.”