బస చూసే మొగులప్ప

మా తాండూరు చుట్టుపక్కల బండలు కొట్టేవాళ్ళు వేలమంది ఉన్నారు. హిమాలయాల్లో బస చూసిపెట్టగల మనిషి మాత్రం ఒక్కడే ఉండేవాడు. పేరు మొగులప్ప, ఊరు పెద్దేముల్. నన్నడిగితే ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివినవాళ్ళకు కూడా అంత తెలివి లేదు. కాదంటే నాతో వాదనకు రండి, ఈ మనోరమ ఎవరికీ భయపడదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఒక బట్టల షావుకారు బదరీ యాత్రకు పోతూ మూటలు మోయడానికి ఈయన్ను వెంట తీసుకుపోయాడు. బండల గనిలో మేస్త్రీల దగ్గర నేర్చిన ఉర్దూ అక్కడ పనికొచ్చింది. షావుకారు తిరిగొచ్చి, తాను బతికి బయటపడ్డది మొగులప్ప చూసిన బసల వల్లేనని బజారంతా చెప్పాడు. ఇంకేం, ఆ తర్వాత పదిహేనేళ్ళు ప్రతి ఎండాకాలం వికారాబాదు నుంచో కొడంగల్ నుంచో ఎవరో ఒకరు ఈయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

1957లో ఆయన్ను వెంటబెట్టుకుని మేం నలుగురం పోయాం. మా అమ్మ రాధమ్మ, చిన్నాయన చంద్రశేఖర్, చిన్నమ్మ, నేను. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. నాయన పోయి ఏడాదైంది. ఆయన పేర బదరీలో పిండం పెట్టించాలని అమ్మ పట్టుదల.

రిషీకేశ్ దాటాక బస్సు కొంత దూరమే పోతుంది. ఆపైన నాలుగు రోజులు నడక. దారిలో మూడు నాలుగు మైళ్ళకొక చోట యాత్రికుల బసలుంటాయి, వాటిని చట్టీలంటారు. ముందు ఒక కొట్టు, దాని వెనక పొడుగాటి పాక. పడుకున్నందుకు కిరాయి అడగరు. వాళ్ళ కొట్లో పిండీ పప్పూ కొంటే చాలు, వండుకోవడానికి గిన్నెలు, కప్పుకోవడానికి కంబళ్ళు వాళ్ళే ఇస్తారు. వినడానికి బాగానే ఉంది కదా! ఒక్కో చోట నాలుగైదు కొట్లు, అందరూ చెయ్యి పట్టుకు లాగేవాళ్ళే. వాటిలో ఏది మంచిదో మనకెట్లా తెలుస్తుంది?

మొగులప్పకు తెలిసేది. మేం అలిసి కూలబడితే, ఆయన ముందు పైనుంచి దిగి వస్తున్న యాత్రికుల్ని చూసేవాడు.

"ఆళ్ళ మొగాలు కాదు బిడ్డా, చేతులు జూడు. గోక్కుంటున్నరంటే రాత్రి నల్లులు తిన్నట్టే. యాడ పండిండ్రో అడిగి, మనం ఆడికి పోవద్దు," అన్నాడు నాతో.

తర్వాత గుర్రాలు తోలేవాళ్ళను పలకరించేవాడు. నీళ్ళు దగ్గరున్న చోటే వాళ్ళు ఆగుతారట. అప్పుడు కొట్టుకు పోయి చిటికెడు పిండి తీసి వాసన చూసేవాడు. కంబళిని వెలుతురుకు ఎత్తిపట్టేవాడు. ఆఖరున వంగి, నేల మీద అరచెయ్యి ఆనించేవాడు. పదేళ్ళ వయసు నుంచి బండలతో బతికిన మనిషి కదా.

"బండల చెమ్మ ఉన్నది. ఈడ పండితే పొద్దుగాల అమ్మకు మోకాళ్ళు లేవయి. ఇంకో చోటు జూద్దాం పాండ్రి," అనేవాడు.

చిన్నాయనకు ఒళ్ళు మండేది. "నడిచి నడిచి సచ్చిపోతున్నం, ఏదో ఒకటి జూడరా!" అని అరిచేవాడు. మొగులప్ప నవ్వి ఇంకో అరమైలు నడిపించేవాడు. హాయిగా నిద్రపోయి లేచాక చిన్నాయన నోరు దానంతటదే మూతపడేది.

ఇంతా చేసి, తాను చూసిన బసలో మొగులప్ప ఒక్క పూట కూడా పడుకోలేదు. ఆయనది మాదిగవాడ. గిన్నెలు, కంబళ్ళు ఇచ్చే ముందు కొట్టువాడు కులం అడిగేవాడు. మొగులప్ప దాచకుండా చెప్పేవాడు. మాకు లోపల చోటు, ఆయనకు బయట చూరు కింద, మూటల పక్కన. అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి రెండేళ్ళు. అది ఆ కొండలెక్కి ఇంకా రాలేదు కాబోలు. అయినా కొండవాళ్ళను అనడమెందుకు? మా తాండూరు ఇంట్లో కూడా ఆయన గడప దాటింది లేదు. అది తప్పని మాకు తోచనే లేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

"మొగులప్పా, బయట చలి పెట్టదా?" అని ఒకసారి అడిగాను.

"మూటలకు కావలుండాలె గద బిడ్డా," అన్నాడు.

నేను నమ్మాను. ఎంత మొద్దునో చూడండి!

రెండోరోజు రాత్రి నుంచీ వాన, మూడోరోజు మధ్యాహ్నానికి వడగళ్ళు. రాత్రంతా చూరు కింద తడిసిన మొగులప్పకు జ్వరం పట్టుకుంది. అయినా మూటలు వదల్లేదు. చట్టీ చేరేసరికి పళ్ళు కటకటలాడుతున్నాయి. గోడకు ఆనుకుని అట్లాగే జారిపోయాడు. అమ్మ ఆయన నుదురు చూద్దామని చెయ్యి చాపి, ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ముట్టుకుంది.

"అబ్బా, పెనం లెక్క కాలుతున్నది," అంది.

ఈ చలిలో ఇంకో రాత్రి బయట పడుకుంటే మనిషి దక్కడని గుర్రాలవాడొకడు మొహం మీదే చెప్పాడు.

"నేను పోయి బస జూసొస్త," అంటూ అమ్మ కొంగు బిగించింది. ఇరవై మంది జీతగాళ్ళతో సేద్యం చేయించిన మనిషే గానీ, చోటు కోసం ఒకరి కొట్టు ముందు నిలబడ్డం ఆమెకదే మొదలు. వెంట నేనూ పోయాను.

మొదటి కొట్టు రాతి కట్టడం. పొడి నేల, మందపాటి కంబళ్ళు, భగభగ మండుతున్న పొయ్యి. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కొట్టువాడు మమ్మల్ని ఎగాదిగా చూసి, గోడ దగ్గర పడి ఉన్న మనిషి ఎవరన్నాడు. అమ్మ తనకొచ్చిన ఉర్దూలో ఉన్న మాట చెప్పింది. మీరు నలుగురూ లోపలికి రండి, అతన్ని పశువుల కొట్టంలో పడుకోమనండి, అన్నాడు వాడు.

అమ్మ వెనుదిరిగింది. రెండో కొట్లో అదే జవాబు, మూడోదాంట్లోనూ అదే. చిన్నాయన తడుస్తూ మా వెంట పడ్డాడు.

"వదినా, గిదేం పిచ్చి? మన కులపోడే అని చెప్తే అయిపోతది గదా!"

"వాడే ఎన్నడు దాయలే. నేనెట్ల దాస్త?"

"అయితే కొట్టంల పండనియ్యి. వానికోసం మనం గిట్ల తడుసుడేంది?"

"నీకు బస దొరికింది గద! పో, పోయి పండు," అంది అమ్మ. ఆమె గొంతులో అంత కారం నేనెన్నడూ వినలేదు.

వరుస చివర, వాగు వైపు ఒరిగిపోయిన పాక ఒకటుంది. ఒక ముసలామె నడుపుతోంది. అమ్మ ఈసారి తానే ముందుగా మొగులప్ప కులం చెప్పి, జ్వరం సంగతీ చెప్పి, లోపల చోటిస్తావా అని అడిగేసింది. ముసలామె మొదటి మాట విననట్టే, జ్వరమైతే పొయ్యి దగ్గర పడుకోబెట్టండి, అంది.

ఆమె మనసు బంగారం గానీ, ఆ పాక సంగతి చెప్పకూడదు. కప్పు మూడు చోట్ల కారుతోంది. పొగకు కళ్ళు మండిపోయాయి. పిండి ముక్కిపోయింది, కంబళ్ళు గొర్రెల కంపు. పొడిగా ఉన్న ఒక్క మూలా మొగులప్పకిచ్చి, మేం ఆడవాళ్ళం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. కాసేపటికి చిన్నాయన కూడా గొణుక్కుంటూ వచ్చాడు, మూటలన్నీ తానే మోసుకుని. ముసలామె మిరియాల కషాయం కాచింది. అమ్మ మొగులప్ప తల ఎత్తి పట్టి, తన చేత్తో తాగించింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. మొగులప్ప కళ్ళు తెరిచాడు. అలవాటెక్కడికి పోతుంది? పడుకున్న చోటి నుంచే పైకప్పు చూశాడు, నేల మీద అరచెయ్యి ఆనించాడు, కంబళి వాసన చూసి మొహం చిట్లించాడు.

"అయ్యో అమ్మా! ఈడ ఇంతకన్న మంచి చట్టీ లేకుండెనా? గిసుంటి బస ఎవలు జూసిండ్రు?"

"నేనే," అంది అమ్మ. "మంచియి మస్తున్నయి. నిన్ను లోపటికి రానిచ్చింది గిదొక్కటే."

మొగులప్ప ఆ కంపు కంబళిని మొహం మీదికి లాక్కున్నాడు. చాలాసేపు తియ్యలేదు.